కరెంటు పని – పాఠకుల ప్రశ్నలు, జవాబులు: మోటారు స్టార్టింగ్ కెపాసిటర్ మాటిమాటికీ ఎందుకు పోతుంది?

సింగిల్ ఫేజ్ మోటార్ల స్టార్టింగ్ కెపాసిటర్ మీద ఈసారి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఉత్తరాలు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా విషయం ఒకటే కనుక అన్నింటినీ ఒకేచోట తీసుకుంటున్నాను. మొదటి ఉత్తరంలో మిగిలిన వారికి కూడా పనికివచ్చే సంగతులు ఎక్కువగా ఉన్నందున దానికి జవాబు కొంత పెద్దదైంది.

ప్రశ్న: కడప శివార్లలో రేకుల షెడ్డులో వడ్రంగి పని చేస్తున్నాను. రంపపు మిషనుకు 1 హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు వి-బెల్టుతో బిగించి ఉంది. నేమ్‌ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది. ఏడేళ్లు ఏ ఇబ్బందీ పెట్టని ఈ మోటారు మొన్నటి ఉగాది తరువాత మూడు కెపాసిటర్లు తిన్నది. మొదట ఉన్నది 100–120 ఎంఎఫ్‌డి (మైక్రోఫారడ్లు), 275 వోల్టులది. రెండోసారి ఆ సైజు దొరకకపోతే, పెద్దది వేస్తే ఇంకా బలంగా ఎత్తుకుంటుందని చెప్పి 150–200 ఇచ్చారు. అది మూడు వారాలకే ఉబ్బి, పగిలి, లోపలి ద్రవం కారిపోయింది. మళ్లీ 100–120 తెచ్చి వేశాను. అదీ నెల తిరగకముందే పోయింది. ఇప్పుడు స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుందే తప్ప తిరగదు. రంపాన్ని చేత్తో కాస్త తిప్పి ఇస్తే ఎత్తుకుంటుంది. ఇంటి మీటరు దగ్గర నుంచి షెడ్డు దాకా 40 మీటర్లు 1 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు లాగాము. మిషను వేసినప్పుడల్లా షెడ్డులో బల్బు మసకబారుతుంది. నాలుగో కెపాసిటర్‌ను నేనే మార్చుకోవాలని అనుకుంటున్నాను. ఎలా మార్చాలి? వైండింగ్ కూడా మళ్లీ కట్టించాలా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మీరు ముందుగా ఒక పని మానుకోవాలి. రంపపు బిళ్ళను చేత్తో తిప్పి మోటారును ఎత్తుకునేలా చేయడం ఇకపై ఒక్కసారి కూడా చేయవద్దు. మోటారు పట్టుకునేది ఒక్క క్షణంలోనే. ఆ క్షణంలో చెయ్యి ఎక్కడ ఉంటుందో మన చేతిలో ఉండదు. వడ్రంగి పనిలో వేళ్లు పోగొట్టుకున్నవారిని మీరు కూడా చూసే ఉంటారు. మోటారును చేత్తో తిప్పి పరీక్షించక తప్పని పరిస్థితి వస్తే, బెల్టు పూర్తిగా తీసేసి, కరెంటు లేనప్పుడు ఒట్టి పుల్లీని గట్టిగా తిప్పి వదిలి, చెయ్యి దూరంగా తీశాక పక్కనున్న మనిషి చేత స్విచ్ వేయించాలి. అప్పుడు కూడా మోటారు ఎత్తుకోకపోతే రెండు మూడు సెకన్లలో స్విచ్ ఆపేయాలి. ఆగి ఉన్న మోటారు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతూ ఉంటుంది కనుక, మూలుగుతూ నిలబడిన ప్రతి క్షణం వైండింగ్ కాలుతూనే ఉంటుంది.

అయితే మీరు చెప్పిన ఆ లక్షణం వల్ల ఒక మంచి సంగతి తెలుస్తోంది. తిప్పి వదిలితే మోటారు ఎత్తుకుంటున్నదంటే దాని రన్నింగ్ వైండింగ్ పనిచేస్తున్నట్టే. లోపం స్టార్టింగ్ వైపు ఉంది. సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్క వైండింగులో ప్రవహించినప్పుడు పుట్టే అయస్కాంత బలం ముందుకూ వెనుకకూ ఊగుతుందే కానీ గుండ్రంగా తిరగదు. అందుకే మోటారు తనంతట తాను ఏ వైపుకూ కదలలేదు, మూలుగుతూ నిలబడిపోతుంది. ఈ లోటు తీర్చడానికి స్టార్టింగ్ వైండింగ్ అనే రెండో చుట్టును వేసి, దానికి వరుసలో ఒక కెపాసిటర్‌ను కలుపుతారు. కెపాసిటర్ వల్ల రెండో చుట్టులోని కరెంటు మొదటి చుట్టు కరెంటు కంటే సుమారు పావు ఆవృత్తి, అంటే 90 డిగ్రీలకు దగ్గరగా, ముందుంటుంది. రెండు చుట్టుల బలాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చేసరికి అయస్కాంత క్షేత్రం తిరగడం మొదలవుతుంది, దాని వెంట రోటరు కూడా కదులుతుంది. ఒకసారి వేగం అందుకున్నాక రన్నింగ్ వైండింగ్ ఒక్కటే మోటారును నడిపించగలదు. అప్పుడు స్టార్టింగ్ చుట్టుతో పని తీరిపోతుంది. మీ మోటారు నాలుగు పోళ్లది (అయస్కాంత ధ్రువాలది), 50 హెర్ట్జ్ కరెంటు మీద దాని అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. రోటరు వేగం అందులో 70 నుంచి 80 శాతానికి, అంటే సుమారు 1100కు చేరేసరికి షాఫ్టు మీద ఉన్న బరువులు బయటికి విసురుకొని, సెంట్రిఫ్యూగల్ స్విచ్ కాంటాక్టును విడదీసి, స్టార్టింగ్ చుట్టునూ కెపాసిటర్‌నూ కరెంటు నుంచి తప్పిస్తాయి.

మీ కష్టానికి మూలం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. స్టార్టింగ్ కెపాసిటర్ రెండు మూడు సెకన్ల పనికి మాత్రమే తయారైన వస్తువు. అది ఎలక్ట్రోలైటిక్ రకం, అంటే అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో నానిన కాగితం ఉండి, రేకు మీది అతి సన్నని ఆక్సైడు పొరే ఇన్సులేషనుగా పనిచేసే రకం. అందుకే 120 మైక్రోఫారడ్ల సామర్థ్యం పిడికిట్లో పట్టే డబ్బాలో ఇముడుతుంది. అదే కారణం చేత ఏసీ కరెంటు మీద ఎక్కువసేపు ఉంటే అది లోపలి నుంచే వేడెక్కుతుంది, ద్రవం ఆవిరై ఒత్తిడి పెరిగి మూత పగులుతుంది. ఇలాంటి కెపాసిటర్లకు సాధారణంగా చెప్పే లెక్క గంటకు 20 స్టార్టులు, ఒక్కొక్కటి 3 సెకన్లు. అంటే గంట మొత్తంలో అది కరెంటు మీద ఉండవలసింది ఒక్క నిమిషమే. మీ మూడు కెపాసిటర్లూ పేలినది వాటి నాణ్యత లోపంతో కాకపోవచ్చు. ఏదో కారణం వాటిని ఉండవలసిన దానికంటే ఎక్కువసేపు కరెంటు మీద ఉంచుతోంది. ఆ కారణాన్ని వెదకకుండా నాలుగోది వేస్తే దానికీ అదే గతి పడుతుంది.

కారణం రెండు చోట్ల ఉండవచ్చు, మీ విషయంలో రెండు చోట్లా ఉన్నదేమోనని అనుమానిస్తున్నాను. మొదటిది సెంట్రిఫ్యూగల్ స్విచ్. వడ్రంగి షెడ్డులో సన్నని రంపపు పొట్టు మోటారు లోపలికి చేరి, షాఫ్టు మీద జారవలసిన బుష్షుకూ బరువుల స్ప్రింగులకూ పట్టేస్తుంది. అప్పుడు బరువులు సరిగా విసురుకోవు, కాంటాక్టు విడిపోదు. కొన్నిసార్లు కాంటాక్టు ముఖాలే కాలి అతుక్కుంటాయి. పూర్తిగా అతుక్కుపోతే కెపాసిటర్ నిమిషాల్లోనే పేలుతుంది. మీది మూడు వారాలు నిలిచిందంటే, అతుక్కోవడం ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు జరుగుతున్నదని అర్థం చేసుకోవచ్చు. దీనిని మోటారు విప్పకుండానే కొంతవరకు కనుక్కోవచ్చు. కొత్త కెపాసిటర్ వేశాక బెల్టు లేకుండా మోటారును నడిపి స్విచ్ ఆపండి. వేగం తగ్గుతూ వచ్చేటప్పుడు మోటారు లోపల “టక్” అనే చప్పుడు స్పష్టంగా వినిపించాలి. అది విడిపోయిన కాంటాక్టు తిరిగి కలుసుకుంటున్న చప్పుడు. చప్పుడు లేదంటే కాంటాక్టు అసలు విడిపోనే లేదని అనుమానించాలి. క్లాంప్ మీటరు (వైరు విప్పకుండానే కరెంటు కొలిచే మీటరు) ఉన్నవారు స్టార్టింగ్ వైండింగ్ వైరును దాని దవడలో ఉంచి చూస్తే, స్టార్టయిన ఒకటి రెండు సెకన్లలో కరెంటు సున్నాకు పడిపోవాలి.

ఈ చప్పుడు సంగతి నేను కష్టపడి నేర్చుకున్నాను. అనంతపురంలో పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక పిండిమర మోటారుకు రెండు నెలల్లో మూడుసార్లు కెపాసిటర్ మార్చాను. ప్రతిసారీ మోటారు వెంటనే ఎత్తుకునేసరికి పని అయిపోయిందనుకొని వచ్చేశాను. నాలుగోసారి స్టార్టింగ్ చుట్టు మాడిపోయి, ఆ ఇంటివారు రీవైండింగ్ ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది. విప్పి చూస్తే స్విచ్ బుష్షు చుట్టూ పిండి గట్టిపడి రాయిలా ఉంది. మొదటిరోజే మోటారు ఆగేదాకా నిలబడి విని ఉంటే వారికి ఆ నష్టం తప్పేది. అప్పటి నుంచి ఏ మోటారునైనా స్టార్ట్ చేసి చూసినంత శ్రద్ధగా ఆగేటప్పుడు కూడా వింటున్నాను.

రెండో కారణం మీ 40 మీటర్ల వైరు. బల్బు మసకబారడాన్ని మీరు మాటవరసకు రాసినట్టున్నారు కానీ, నాకు ఉత్తరం మొత్తంలో అన్నింటికంటే విలువైన మాట అదే. 1 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు మీటరుకు సుమారు 0.018 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. పోవడానికి 40, రావడానికి 40, మొత్తం 80 మీటర్లకు 1.4 ఓమ్‌ల పైచిలుకు అవుతుంది. 1 హార్స్‌పవర్ మోటారు స్టార్టయ్యేటప్పుడు సుమారు 30 ఆంపియర్లు లాగుతుందని అనుకుంటే, వైరులోనే 40 వోల్టులకు పైగా పోతుంది. మీటరు దగ్గర 230 ఉంటే మోటారుకు అందేది 190 లోపే. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక, ఆ వోల్టేజీ మీద దానికి మిగిలేది మామూలు బలంలో మూడింట రెండు వంతులు మాత్రమే. ఎండాకాలం సాయంత్రం ఊరంతా కూలర్లు వేసుకొని మీటరు దగ్గరే 200కు దిగితే, మోటారు దగ్గర 160కి కాస్త పైన నిలుస్తుంది, బలం సగమైపోతుంది. సగం బలంతో బెల్టునూ రంపాన్నీ లాక్కుంటూ 1100 వేగం అందుకోవడానికి రెండు సెకన్లకు బదులు ఆరేడు సెకన్లు పట్టవచ్చు. స్విచ్ ఎంత బాగున్నా ఆ వేగం వచ్చేదాకా విడిపోదు, అంతసేపూ కెపాసిటర్ కాలుతూనే ఉంటుంది. మీ కష్టాలు ఉగాది తరువాత, అంటే మన సీమలో ఎండలు ముదిరే రోజుల్లోనే మొదలయ్యాయని కూడా గమనించండి. మోటార్లను సాధారణంగా 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతను లెక్కలో పెట్టుకొని తయారుచేస్తారు. కడప మే నెలలో రేకుల షెడ్డు లోపల ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ వైరు స్థానంలో 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగితే నష్టం నాలుగో వంతుకు, అంటే పది పన్నెండు వోల్టులకు తగ్గుతుంది. దాని ఖర్చు కొన్ని కెపాసిటర్ల ధరకంటే ఎక్కువే అవుతుంది, అయినా నా సలహా మాత్రం ముందు వైరు మార్చమనే. స్టెబిలైజర్ కొని మోటారు పక్కన పెట్టుకోవాలన్న ఆలోచన ఉంటే దానిని వైరు మార్చాక చూసుకోండి. సన్నని వైరు చివర పెట్టిన స్టెబిలైజర్ ఆ వైరు నుంచే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఇక మార్చే పద్ధతి. మెయిన్ ఆఫ్ చేయడమే కాక, ప్లగ్ ఉంటే తీసి కళ్లెదుట పెట్టుకోండి. ప్లగ్ లేకపోతే ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి. టెర్మినల్ బాక్సు మూత విప్పి, టెస్టరుతో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక కూడా కెపాసిటర్ కొనలను తాకవద్దు. 230 వోల్టుల ఏసీకి శిఖరం 325 వోల్టులు ఉంటుంది. కెపాసిటర్ కరెంటు పోయాక కూడా అంత వోల్టేజీని నిలుపుకొని ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో రెండు కొనలనూ కలిపి మెరుపు తెప్పించే అలవాటు మన పనివారిలో చాలామందికి ఉంది. అది కెపాసిటర్ లోపలి అతుకులకూ చెరుపే, కరిగిన లోహపు తునక ఎగిరితే కంటికీ ముప్పే. 15 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషను ఉన్న రెండు వైర్లు కట్టి, పది సెకన్లపాటు కొనలకు ఆనించి ఉంచండి. అది లేకపోతే హోల్డరులో ఉన్న మామూలు 60 వాట్ల ఫిలమెంటు బల్బు కూడా సరిపోతుంది. తరువాత మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి సున్నా చూపుతున్నదని నిర్ధారించుకోండి. వైర్లు విప్పేముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి.

కొత్తది కొనేటప్పుడు నేమ్‌ప్లేటు మీద గానీ పాత డబ్బా మీద గానీ ఉన్న 100–120నే అడగండి. ఎక్కువ విలువ వేస్తే మోటారు బలంగా ఎత్తుకుంటుందన్న మాట పూర్తిగా నిజం కాదు. తయారుచేసినవారు ఆ చుట్టుకు తగినట్టు లెక్కగట్టి విలువ పెట్టి ఉంటారు. దానిని 150–200కు మారిస్తే 90 డిగ్రీల లెక్క తప్పుతుంది, స్టార్టింగ్ చుట్టులో కరెంటు పెరుగుతుంది, ఆ వైండింగూ కెపాసిటరూ రెండూ ఎక్కువ వేడెక్కుతాయి. తక్కువ విలువ వేస్తే బలం చాలక స్టార్టింగ్ ఆలస్యమవుతుంది. వోల్టేజీ మాత్రం 275 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండవచ్చు, తక్కువ ఎప్పుడూ ఉండకూడదు. కెపాసిటర్ కొనల మధ్య వోల్టేజీ లైను వోల్టేజీని మించి పెరుగుతుంది కనుకనే 230 వోల్టుల మోటారుకు 275ది వేస్తారు. దీనికి ప్లస్, మైనస్ లేవు, రెండు వైర్లలో ఏది ఎటు కలిపినా తేడా లేదు. వైరు కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కి బిగించండి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మోటారు అదురుకు నాలుగు రోజుల్లో వదులవుతుంది. వీలైతే కొనల మధ్య 15 కిలో ఓమ్‌ల 2 వాట్ల రెసిస్టరును శాశ్వతంగా అతికించండి. మోటారు ఆగేటప్పుడు స్విచ్ కాంటాక్టులు మళ్లీ కలిసే వేళకు కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉంటే అదంతా ఒక్కసారిగా కాంటాక్టుల గుండా పారి వాటిని కాల్చి అతికిస్తుంది. ఈ చిన్న రెసిస్టరు ఆ ఛార్జిని కొద్ది సెకన్లలో ఖాళీ చేస్తుంది.

స్విచ్‌ను చూడాలంటే మోటారు వెనుక మూత విప్పాలి. వెనుక ఫ్యాను కవరు, ఫ్యాను తీసి, మూతకూ బాడీకీ కలిపి ఒక గుర్తు గీసుకొని విప్పితే, బరువులూ స్ప్రింగులూ షాఫ్టు మీద, కాంటాక్టు ప్లేటు మూతకు లోపలి వైపు కనిపిస్తాయి. పొట్టును పొడి బ్రష్షుతో దులిపి, బుష్షు వేలితో నొక్కితే సాఫీగా జారి తిరిగి వస్తున్నదో లేదో చూడండి. నూనె, గ్రీజు వేయవద్దు, వేస్తే పొట్టు మరింత త్వరగా అంటుకుంటుంది. కాంటాక్టు ముఖాలు కొద్దిగా నల్లబడి ఉంటే జీరో నంబరు ఉప్పుకాగితంతో తేలికగా రుద్దితే చాలు. గుంటలు పడి ఉంటే ప్లేటును మార్చడమే మంచిది. బేరింగులు ఈమధ్య మార్పించి ఉంటే షాఫ్టు ముందుకూ వెనుకకూ ఆడుతున్నదేమో కూడా చూడండి. వాషరు ఒకటి తప్పినా బుష్షుకూ కాంటాక్టుకూ మధ్య దూరం మారిపోతుంది. ఈ పని మీకు కొత్తయితే కెపాసిటర్‌ను మీరే మార్చుకొని, మూత విప్పే పనిని మాత్రం వైండింగ్ మేస్త్రికి ఇవ్వండి.

రీవైండింగ్ అవసరమా అంటే, మీరు రాసిన దానిని బట్టి రన్నింగ్ చుట్టుకు అవసరం లేదు. స్టార్టింగ్ చుట్టు మూడు కెపాసిటర్లు పేలేంత వేడిని చూసింది కనుక, మూత విప్పినప్పుడు మాడిన వార్నిష్ వాసన గానీ నల్లబడిన దారాలు గానీ ఉన్నాయేమో చూసి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషను కొలిచే మీటరుతో) బాడీకీ చుట్టుకూ మధ్య కొలిపించండి. కనీసం 1 మెగా ఓమ్ చూపాలి. అన్నీ అయ్యాక మొదటిసారి బెల్టు లేకుండా, రెండోసారి బెల్టుతో, కట్టె పెట్టకుండా నడిపి, స్విచ్ వేసినప్పటి నుంచి పూర్తి వేగం వచ్చేదాకా ఎన్ని సెకన్లు పడుతున్నాయో లెక్కపెట్టండి. మూడు దాటితే ఇంకా ఏదో మిగిలి ఉంది. పలక పలకకూ మిషను ఆపి వేసే అలవాటు ఉంటే దానిని కూడా మార్చుకోవాలి. కోయవలసినవన్నీ పక్కన పేర్చుకొని ఒక్క స్టార్టులో కోసుకోండి.

ప్రశ్న: తాడిపత్రిలో నాపరాయి బండల అంచులు నునుపు చేసే చిన్న మిషను నడుపుతున్నాను. సింగిల్ ఫేజ్ మోటారు ఎత్తుకోకపోతే కెపాసిటర్‌ను సీరీస్ బల్బుతో, అంటే కరెంటు దారిలో దానికి వరుసగా బల్బు పెట్టి, పరీక్షించాను. బల్బు బాగా వెలిగింది. కెపాసిటర్ మంచిదేనని మోటారును వైండింగుకు పంపాను. అక్కడ కెపాసిటర్ షార్టయిందని చెప్పారు. బల్బు పరీక్ష తప్పా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: బల్బు పరీక్ష ఫ్యాను కెపాసిటర్‌కు పనికివస్తుంది, స్టార్టింగ్ కెపాసిటర్‌కు సగమే పనికివస్తుంది. సీలింగ్ ఫ్యానుకు వేసే 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 50 హెర్ట్జ్ మీద సుమారు 1270 ఓమ్‌ల అడ్డు చూపుతుంది. అందుకే అది బాగుంటే 100 వాట్ల బల్బు మసకగా, షార్టయి ఉంటే పూర్తిగా వెలుగుతుంది. తేడా కంటికి కనిపిస్తుంది. 120 మైక్రోఫారడ్ల స్టార్టింగ్ కెపాసిటర్ చూపే అడ్డు 26.5 ఓమ్‌లు మాత్రమే. వెలుగుతున్న 100 వాట్ల బల్బు ఫిలమెంటు ఒక్కటే సుమారు 530 ఓమ్‌లు ఉంటుంది. దాని ముందు 26 ఓమ్‌లు ఉన్నా లేకపోయినా వెలుగులో మార్పు రాదు. కాబట్టి బల్బు వెలగకపోతే కెపాసిటర్ ఓపెన్ అయిందని, అంటే లోపల తెగిపోయిందని, నమ్మకంగా చెప్పవచ్చు. వెలిగితే మాత్రం అది మంచిదో షార్టయిందో తెలియదు. సామర్థ్యం సగానికి పడిపోయినా బల్బు అలాగే వెలుగుతుంది.

కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటరు ఇప్పుడు పెద్ద ఖరీదు కాదు, మిషను మీద బతికేవారు ఒకటి కొనుక్కోవడం మంచిది. ఛార్జి పూర్తిగా తీసి, రెసిస్టరు అతికించి ఉంటే దాని ఒక కొన విప్పి కొలవాలి. 100–120 అని రాసి ఉన్నది 100 లోపు చూపితే అది అలసిపోయినట్టు. ముల్లు మీటరు ఉన్నవారు ఓమ్ రేంజిలో పెట్టి చూస్తే ముల్లు ఒక్కసారి సున్నా వైపు దూకి మెల్లగా వెనక్కి రావాలి. సున్నా దగ్గరే ఉండిపోతే షార్టు, అసలు కదలకపోతే ఓపెన్. వైండింగ్ షాపుల్లో ఇంకొక పద్ధతి ఉంది. ఫ్యూజు గుండా కెపాసిటర్‌ను ఒకటి రెండు సెకన్లు లైనుకు కలిపి, కరెంటునూ వోల్టేజీనీ చూసి, ఆంపియర్లను 3183తో గుణించి వోల్టులతో భాగిస్తారు. 225 వోల్టుల మీద 6.1 ఆంపియర్లు వస్తే సుమారు 86 మైక్రోఫారడ్లు అన్నమాట. చెడిపోయిన కెపాసిటర్ ఆ పరీక్షలోనే పేలవచ్చు కనుక దానిని పెట్టెలో మూసి చేస్తారు. దీనిని ఇంట్లో చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతి పని చేసేవారందరికీ వర్తించే మాట ఒకటి ఉంది. రాతి దుమ్ము రంపపు పొట్టు కంటే చెడ్డది. నీటితో కలిసి లోపలికి చేరితే ఎండి సున్నపు గచ్చులా స్విచ్‌ను పట్టేస్తుంది. మీ కెపాసిటర్ షార్టు కావడానికి ముందు ఆ స్విచ్ ఎలా ఉండిందో మేస్త్రిని అడిగి తెలుసుకోండి. మోటారును నీళ్లు చిందే వైపు నుంచి తిప్పి, దానికీ రాయికీ మధ్య ఒక రేకు అడ్డు పెట్టండి. ఆ రేకు మోటారు ఫ్యానుకు గాలి అందకుండా మాత్రం చేయకూడదు.

ప్రశ్న: నా బెంచి గ్రైండరు మోటారుకు కావలసిన కెపాసిటర్ ఊళ్లో దొరకలేదు. ఆంప్లిఫయర్లు బాగుచేసే మిత్రుడు 450 వోల్టుల 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఇచ్చి, వోల్టేజీ ఇంకా ఎక్కువే కనుక భయం లేదన్నాడు. వేయవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వేయకండి. అది డీసీకి తయారైనది, ఒక వైపు మైనస్ గుర్తు ఉంటుంది. ఏసీ మీద సెకనుకు 50 సార్లు దానికి తలకిందుల వోల్టేజీ పడుతుంది. కొద్ది క్షణాల్లోనే లోపల గ్యాసు పుట్టి తూటాలా పేలుతుంది, 450 అన్న అంకె దానిని కాపాడదు. మోటారు కెపాసిటర్ మీద ఏసీ అని స్పష్టంగా ఉండాలి. కావలసిన సైజు దొరకనప్పుడు ఒకే వోల్టేజీ ఉన్న రెండు ఏసీ స్టార్టింగ్ కెపాసిటర్లను పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా, కలిపితే విలువలు కూడుకుంటాయి. 60, 60 కలిస్తే 120. వరుసలో కలిపితే మాత్రం సగమవుతుంది. మీ గ్రైండరు విషయంలో ఇంకొకటి చూసుకోవాలి. చిన్న బెంచి గ్రైండర్లు చాలావాటికి స్టార్టింగ్ కెపాసిటర్ ఉండదు, ఎప్పుడూ లైనులోనే ఉండే రన్నింగ్ కెపాసిటర్ ఉంటుంది. డబ్బా మీద 440 వోల్టులు అని ఉండి, విలువ పదుల్లోనో అంతకంటే తక్కువో ఉంటే అది రన్నింగ్ రకం. అలాంటప్పుడు మీరు 100 కోసం వెతకనక్కరలేదు.

ప్రశ్న: నా ఎయిర్ కంప్రెసర్ మోటారుకు రెండు కెపాసిటర్లు ఉన్నాయి. స్విచ్ శుభ్రం చేసి, ఒక కెపాసిటర్ మార్చి బిగించాక మోటారు వెనక్కి తిరుగుతోంది. కెపాసిటర్ వైర్లు అటూ ఇటూ మార్చి చూసినా ఫలితం లేదు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కెపాసిటర్ వైర్లు ఎన్నిసార్లు మార్చినా దిశ మారదు, ఎందుకంటే అది చుట్టుతో వరుసలోనే ఉంటుంది. మూత విప్పినప్పుడు స్టార్టింగ్ వైండింగ్ రెండు కొసలూ ఒకదాని స్థానంలో ఒకటి పడ్డాయి. ఆ రెండింటినీ పరస్పరం మార్చండి, రన్నింగ్ వైండింగ్ కొసలను కదిలించవద్దు. నాలుగు వైర్లలో ఏవి ఏ చుట్టువో తెలియకపోతే, కెపాసిటర్‌నూ స్విచ్‌నూ పక్కకు విడదీసి మీటరుతో కొలవండి. సాధారణంగా సన్నని తీగతో చుట్టిన స్టార్టింగ్ చుట్టు ఎక్కువ ఓమ్‌లు చూపుతుంది. కంప్రెసర్ చక్రం మీద బాణం గుర్తు ఉంటుంది, బెల్టు వేసేముందు పుల్లీ ఆ వైపుకే తిరుగుతున్నదని చూసుకోండి.

రెండు కెపాసిటర్లు ఉన్న మోటారులో ఒకటి స్టార్టింగుకు, రెండోది ఎప్పటికీ లైనులో ఉండటానికి. 275 వోల్టులది, ఎక్కువ విలువ ఉన్నది, సెంట్రిఫ్యూగల్ స్విచ్ గుండా పోయే వైరుకు కలవాలి. 440 వోల్టులది, తక్కువ విలువ ఉన్నది, స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా కలవాలి. ఇవి తారుమారైతే మోటారు బలహీనంగా ఎత్తుకుంటుంది, స్టార్టింగ్ కెపాసిటర్ కొద్ది నిమిషాల్లో పేలుతుంది. దిశ సరిచేశాక గాలి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి ఒకసారి నడిపి, రెండు డబ్బాలనూ కరెంటు తీసి ఛార్జి పోగొట్టాక తాకి చూడండి. స్టార్టింగ్ డబ్బా వేడిగా ఉంటే మోటారును మళ్లీ నడపకుండా, వైర్లను విప్పేముందు తీసిన ఫొటోతో సరిపోల్చుకోండి.